ఆరని రబ్బరు

"తలుపు తియ్యకపోతే మానెయ్, కనీసం ఒక్కసారి దగ్గవే తల్లీ! లోపల ఎలా ఉన్నావో తెలియక ఇక్కడ నా ప్రాణం పోతోంది."

దగ్గు రాలేదు. గోడకి బంతి కొట్టిన చప్పుడు వచ్చింది. టక్. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టక్.

మధ్యాహ్నం నుంచీ అదే చప్పుడు. అది వినిపిస్తున్నంతసేపూ కూతురు క్షేమంగా ఉన్నట్టే. రెండు టక్కుల మధ్య కాస్త ఎడం వచ్చిందంటే చాలు, ఫ్లాస్కమ్మ గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేసేది. ఈ తలుపుకి లోపలి గడియ కిందటేడు తనే పట్టుబట్టి వేయించింది, దొంగల భయానికి. ఇప్పుడు ఆ గడియనే తిట్టుకుంటోంది.

"ఏమండీ, మీరైనా ఒక మాట చెప్పరూ?"

ఆయన స్టూలెక్కి ఉన్నారు. రిటైరైన లైన్‌మన్. ఇంట్లో గొడవ మొదలైందంటే ఆయనకి ఎక్కడో ఒకచోట కరెంటు పని గుర్తొస్తుంది. చిన్న గొడవైతే స్విచ్చి, పెద్దదైతే ఫ్యాను. ఈ రోజు ఫ్యాను రెక్కలు మూడూ ఊడదీసి సోఫాలో పడుకోబెట్టారు.

"బంతి చప్పుడు వినిపిస్తోందిగా. చెయ్యి ఆడుతోంది. మనిషి బాగానే ఉంది" అన్నారు కప్పుకేసి చూస్తూనే.

"చెయ్యి ఆడితే మనిషి బాగున్నట్టా?"

"దానికంతే."

ఫ్లాస్కమ్మకి ఒళ్ళు మండిపోయింది. పాలగ్లాసు గుమ్మం దగ్గర పెట్టి, అక్కడే చతికిలబడింది.

ఆ పేరు ఆవిడకి ఆట హాల్లో వాళ్ళు పెట్టారు. కూతురు ఎక్కడ ఆడినా వేడినీళ్ళ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెళ్ళి, మొదటి వరసలో కూర్చుని, ఆటంతా కళ్ళు మూసుకునే ఉంటుంది. చప్పట్లు మోగితే పక్కవాళ్ళని అడుగుతుంది, ఎవరికి పాయింటని. ఈ రోజు పొద్దున కూడా అలాగే అడిగింది. "మీ వాళ్ళకే" అన్నారు నవ్వుతూ. నవ్వరూ మరి! బల్లకి ఇవతల కూతురు, అవతల కోడలు. టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీల జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికోసం ఇద్దరూ ఒకే ఇంట్లోంచి, ఒకే ఆటోలో, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ వెళ్ళారు.

కూతురు గెలిచింది. చిన్నప్పటినుంచీ దాన్ని పిడుగు అనే పిలిచేవాళ్ళు. పిడుగు లాగే పడింది. గెలిచాక బ్యాటుని పరీక్ష గదిలోకి తీసుకెళ్ళారు. బ్రెడ్డు డబ్బా అంత యంత్రం. బ్యాటుకి అతికించిన రబ్బరులోంచి మందు వాసన ఎంత వస్తోందో అది చెబుతుందట. ఎర్రలైటు వెలిగింది. రబ్బరుకి బంతి వేగం పెరగడానికి ఏదో పూశారన్నారు. గెలుపు రద్దు చేశారు. చోటు కోడలికి వెళ్ళింది.

అంతే జరిగింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

వీధి తలుపు తోసుకుని కొడుకు వచ్చాడు. భుజం దెబ్బతిని ఆట మానేసిన దగ్గర్నుంచీ ఇద్దరికీ కోచ్ వాడే. చెల్లెలికీ, పెళ్ళానికీ. ఆట అయ్యాక ఫెడరేషన్ ఆఫీసు వరండాలో నిలబడి నిలబడి మొహం వాడిపోయింది.

"దాన్ని బతిమాలకమ్మా. ఆరింటికి కమిటీ ముందుకి రమ్మన్నారు. రాకపోతే దానికే నష్టం."

టక్ టక్ ఆగిపోయింది. గడియ ఊడింది.

"బతిమాలక్కర్లేదు. వచ్చేశాను." ముక్కు ఎర్రగా కందిపోయి, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. మాటంతా ముక్కులోంచే వస్తోంది. పాలగ్లాసు దాటి వచ్చి, రెండు తుమ్ములు తుమ్మింది.

"చూశావా, జలుబు తగ్గలేదు. ఛాతీకి దిగిందంటే..."

"అమ్మా! నా ఆట పోయింది. నువ్వు జలుబు దగ్గరే ఉన్నావా?"

జలుబు దగ్గరే ఉండడం ఫ్లాస్కమ్మకి తెలిసిన పని. ఆట పోయినప్పుడు ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

"ఆరింటికే కదా అన్నయ్యా? వస్తాను. వచ్చి చెబుతాను."

"ఏమని?"

"నా బ్యాటు ఇంట్లో ఉండగా ఎవరో రబ్బరుకి ఏదో పూశారని."

"ఎవరో అంటే?"

"నాన్న పూశారంటావా?"

"నేను ఫ్యాను తప్ప ఏదీ ముట్టుకోలేదు" అన్నారాయన పైనుంచి.

"ఈ ఇంట్లో రబ్బరు గురించి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకరు నేను, ఒకరు నువ్వు. మూడో మనిషి పేరు నాచేతే చెప్పిస్తావా?"

"నోరు అదుపులో పెట్టుకో. నీ వదిన."

"ఇంట్లో వదిన. బల్ల దగ్గర గోడ."

ఆ పేరు హాలంతా తెలుసు. బల్లకి ఎంతో వెనక నిలబడి, ఎంత కొట్టినా తిరిగి పంపుతూ, ఎదుటివాళ్ళకి విసుగొచ్చి తప్పు చేసేదాకా ఆడే ఆట కోడలిది. దాన్ని మెచ్చుకుని పెట్టిన పేరది. కూతురి నోట్లో మెచ్చుకోలుగా వినబడలేదు.

"చిన్నప్పటినుంచీ ఆడుతున్నాను. నా బ్యాటు ఏనాడూ ఆ పరీక్ష పెట్టెలోంచి మచ్చతో రాలేదు. ఇవాళే ఎందుకు వచ్చింది? ఎవరి మీద గెలిచినప్పుడు వచ్చింది? లాభం ఎవరికొచ్చింది?"

కొడుకు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "విను. ఆ మాట కమిటీలో అన్నావంటే, విచారణ తేలేదాకా తనని ఆడనివ్వరు. నిన్ను ఎలాగూ ఆడనివ్వరు. ఆ చోటు మూడో స్థానంలో ఉన్న పిల్లకి పోతుంది. మీరిద్దరూ ఇక్కడ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోండి."

"పోనీ. నాకు చోటొద్దు. నేను మోసం చెయ్యలేదని తేలితే చాలు. నోరు మూసుకుని ఊరుకుంటే ఏమవుతుందో తెలుసా? రేపు ప్రాక్టీసుకి వెళ్తే పక్క బల్ల వాళ్ళు నా బ్యాటు వాసన చూసి నవ్వుతారు. జీవితాంతం."

"అంటే నా కాపురం పోయినా ఫరవాలేదు?"

"నీ కాపురం నేను పాడుచేస్తున్నానా, ఆవిడా?"

గది తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మోకాలికి ఐసు సంచీ తువ్వాలుతో కట్టుకుని ఉంది. నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి.

"నేను నీ బ్యాటు ముట్టుకోలేదు" అంది.

"అలాగే అంటారు."

"అలాగే అంటాను. ముట్టుకోలేదు కాబట్టి."

ఇంతకన్నా ఎక్కువ మాట్లాడదు ఆ పిల్ల. అందుకే ఫ్లాస్కమ్మకి కోడలంటే కాస్త బెరుకు. అరిచేవాళ్ళ లోపల ఏముందో తెలిసిపోతుంది. అరవనివాళ్ళతోనే వేగడం కష్టం.

కొడుకు ఇద్దరివైపూ చూశాడు. "నేను ఏం పాపం చేశానని నన్ను మధ్యలో పెట్టి నలుపుతున్నారు మీరిద్దరూ?"

"మధ్యలో ఎక్కడున్నావు?" కూతురు ఎగిరి పడింది. "పొద్దున నా వెనక కుర్చీ ఖాళీ. గేముకీ గేముకీ మధ్య నీళ్ళు తాగుదామని వెనక్కి తిరిగితే ఖాళీ కుర్చీ నా మొహంకేసి చూస్తోంది."

"నా వెనకా ఖాళీయే" అంది కోడలు.

"ఒకే కోచ్ మనుషులిద్దరు ఆడితే కోచ్ ఎవరి వెనకా కూర్చోకూడదే! హాల్లో ఎవరినైనా అడుగు. అది మర్యాద."

"ఏం మర్యాదో! పైన గ్యాలరీలో కూర్చుని వేరుశనక్కాయలు తిన్నావు."

"అవును, తిన్నారు" అంది కోడలు.

ఆ ఒక్క విషయంలో వదినామరదళ్ళు ఏకమయ్యారు. మామూలు రోజైతే ఫ్లాస్కమ్మ నవ్వేదే.

స్టూలు మీది ఆయన స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, ఎవరూ అడక్కుండానే అన్నారు: "పెయింటు ఆరకపోయినా ఇలాగే ఘాటు కొడుతుంది. రబ్బరు సరిగ్గా ఆరలేదేమో."

"నాన్నా, మీరు ఫ్యాను చూసుకోండి."

"కాదే, ఊరికే అడిగాను."

"కొత్త రబ్బరు కవరు విప్పాక మూడు రోజులు గాలికి పెట్టాలి. ఫ్యాక్టరీ మందు వాసన అంతా పోవాలి. అప్పుడు చెక్కకి అతికించాలి. ఈ మాత్రం తెలియకుండానే ఇన్నాళ్ళు ఆడానా? ఎప్పుడూ హాల్లో ఆరబెట్టేదాన్ని. అక్కడ అందరి చేతులూ పడతాయని ఈసారి ఇంటికి తెచ్చుకున్నాను. కిటికీ పక్క అరలో, ఎర్రదీ నల్లదీ, పక్కపక్కన. మూడు రోజులూ కదపలేదు. కావాలంటే అమ్మనడగండి."

అందరూ ఫ్లాస్కమ్మ వైపు చూశారు.

"ఆఁ" అంది ఆవిడ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను చేసిన పని గుర్తు రాలేదు.

పక్కింట్లో నేల రాళ్ళు నున్నగా చేయిస్తున్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా యంత్రం గీ అని అరుస్తుంది, తెల్లటి దుమ్ము పిండిలా వచ్చి కిటికీలోంచి పడుతుంది. దుమ్ము పడితే రబ్బరు పట్టు పోతుంది, బంతి జారిపోతుందని కూతురు వందసార్లు చెప్పింది. ఆ మాట ఫ్లాస్కమ్మ మనసులో మేకులా దిగి ఉంది. అందుకని పిల్ల ప్రాక్టీసుకి అలా వెళ్ళగానే, రబ్బర్లు రెండూ తీసి వాటి కవర్లలోనే పెట్టి, గాలి చొరకుండా నొక్కి, తువ్వాళ్ళ సొరుగులో దాచింది. పిల్ల వచ్చే వేళకి మళ్ళీ తీసి, ఎలా ఉన్నవి అలా అరలో సర్దింది. మూడు రోజులూ అంతే.

పిల్లకి చెప్పకుండా ఎందుకు చేసిందంటే, ఒకప్పుడు బ్యాటు మాసిందని సబ్బుపెట్టి తోమేసింది. అప్పుడే ఇంక ఆట సామాను ముట్టుకోనని ఒట్టు వేయించుకున్నారు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే ఈ పిల్ల ఇంక జన్మలో తన మొహం చూడదు. ఇల్లు వదిలి ఏదో హాస్టల్లో చేరిపోతుంది. అక్కడ తిండి సరిగ్గా ఉండదు, జలుబు ఛాతీకి దిగుతుంది, ఎవరూ పట్టించుకోరు... చెప్పకపోతే? ఆరింటికి కమిటీలో కోడలి పేరు వినబడుతుంది. కొడుకు ఒక సంచీలో బట్టలు వేసుకుని పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళిపోతాడు. ఎటు చూసినా ఇల్లు ఖాళీయే. ఆయనా, తనూ, రెక్కల్లేని ఫ్యానూ మిగులుతారు.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. మొహం కడుక్కోలేదు. కుళాయి కట్టేసి తిరిగి వచ్చింది.

"నేనే" అంది.

"ఏం నువ్వే?"

"రబ్బర్లు నేనే కవర్లో పెట్టాను. దుమ్ము పడుతోందని. నువ్వు లేనప్పుడు మూసేసి, నువ్వొచ్చే వేళకి తీసేదాన్ని. అవి ఆరలేదు తల్లీ. ఎవరూ ఏమీ పూయలేదు."

ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు గ్లాసు విసురుతుంది అని ఫ్లాస్కమ్మ కళ్ళు మూసుకుంది, ఆట చూస్తున్నట్టే.

కూతురు నవ్వింది. ఆ నవ్వు అరుపుకన్నా అన్యాయంగా ఉంది.

"భలే దానివమ్మా. కోడల్ని కాపాడుకోవడానికి ఎంత కథ అల్లావు!"

"కథ కాదే!"

"ఆ రోజు విమానం రద్దయిందని చెప్పి నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది ఎవరు? విమానం శుభ్రంగా వెళ్ళిపోయింది."

"ఆ రోజు ఉరుములు..."

"నాకు నూట మూడు జ్వరమని టోర్నీ వాళ్ళకి ఫోన్ చేసింది ఎవరు? నేను హాల్లో వార్మప్ చేస్తున్నాను అప్పుడు!"

"ఆ ఊళ్ళో ఏదో రోగం తిరుగుతోందని టీవీలో చెప్పారే."

"అమ్మా, నీకు భయం వేసినప్పుడల్లా నోట్లోంచి అబద్ధం వస్తుంది. ఇప్పుడు అన్నయ్య కాపురం పోతుందని భయం వేసింది. అబద్ధం వచ్చింది. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను."

ఫ్లాస్కమ్మ కొడుకు వైపు చూసింది. వాడూ నమ్మలేదు. అమ్మ మంచి మనసుతో తప్పు మీద వేసుకుంటోందన్నట్టు జాలిగా చూస్తున్నాడు. ఆ జాలి చూసి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. జీవితంలో చెప్పక చెప్పక ఒక్క నిజం చెబితే, వినేవాడు లేడు!

"తువ్వాళ్ళ సొరుగు వాసన చూడండి కావాలంటే!"

కొడుకు లేచి వెళ్ళి చూశాడు. "నాఫ్తలీను ఉండల వాసనొస్తోందమ్మా."

పురుగులు పడతాయని తనే వేసింది అవి. ఎప్పుడైనా తను చేసిన ఒక్క పని వల్ల తనకి మేలు జరిగిందా?

కూతురు వదినవైపు తిరిగింది. "ఆ మూడు రోజులూ మీరు పగలంతా ఇంట్లోనే ఉన్నారు, మోకాలికి ఐసు పెట్టుకుని. అమ్మ చెప్పింది నిజమైతే మీరు ఒక్కసారైనా చూసి ఉండాలి. చూశారా?"

"మీరు" అంది. నిన్నటిదాకా నువ్వు.

కోడలు భర్తవైపు చూసింది, అత్తవైపు చూసింది. "నేను గమనించలేదు" అని, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అయిపోయిందిగా" అంది కూతురు. "బూట్లేసుకుని వస్తాను."

ఫ్లాస్కమ్మ కోడలి వెనకే వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

కోడలు ఐసు సంచీ విప్పి, కరిగిన నీళ్ళు సింకులో ఒంపుతోంది.

"నువ్వు చూశావు" అంది ఫ్లాస్కమ్మ గొంతు తగ్గించి. "రెండో రోజు నేను సొరుగు ముందు కూర్చుని ఉంటే గుమ్మంలోకి వచ్చావు. ఐసు అయిపోయిందత్తయ్యా అన్నావు. నా చేతిలో నల్ల రబ్బరు సగం కవర్లో ఉంది, సగం బయట ఉంది."

కోడలు సంచీ పిండుతూనే ఉంది. అందులో పిండడానికి ఇంకేమీ లేదు.

"చూశానంటే, ఆ తర్వాత ఏమడుగుతారో తెలుసా అత్తయ్యా? చూసి ఎందుకు ఊరుకున్నావంటారు."

"ఎందుకు ఊరుకున్నావు?"

కోడలు ఖాళీ సంచీని సింకు అంచున ఆరేసింది.

"నోటిదాకా వచ్చిందత్తయ్యా. కవరు మూస్తే ఆరదు, తీసెయ్యండి అని. ఆ మాటే అనబోయాను. ఐసు అయిపోయింది అనేశాను. సరే, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. సాయంత్రం తను వచ్చి, ఈసారి జట్టులోకి వెళ్తే ఏ బ్యాగు కొనుక్కోవాలో మావయ్యగారికి చెబుతోంది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నేను కూడా ఆడుతున్నానని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు."

"అయ్యో, అలా అంటావేమిటమ్మా..."

"తను చిన్నపిల్ల. ఈసారి కాకపోతే మళ్ళీసారి ఉంది. నా మోకాలు ఇంకొక్క పెద్ద టోర్నీ మోస్తే గొప్ప. ఇన్నేళ్ళూ నన్ను రిజర్వులోనే ఉంచారు. ఒకసారి జెర్సీ మీద పేరు కూడా కుట్టించాను. తర్వాత చోటు రాకపోతే విప్పేశాం, గుర్తుందా?"

గుర్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, గుడ్డ చిరగకుండా ఆ దారాలన్నీ ఒక్కొక్కటే పీకింది ఫ్లాస్కమ్మే. పీకుతుంటే ఈ పిల్ల ఎదురుగా కూర్చుని, ఒక్క మాటా అనకుండా పీకిన దారాలు ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

"నేను మోసం చేశానా అత్తయ్యా? నేనేమీ ముట్టుకోలేదు. అతికించేముందు తను ప్రతిసారీ రబ్బరు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. పట్టేస్తుందిలే అనుకున్నాను."

ఫ్లాస్కమ్మకి కోప్పడాలో, దగ్గరకి తీసుకోవాలో తెలియలేదు. రెండూ చెయ్యబోయి, రెండూ చెయ్యక, పొయ్యి గట్టు మీద ఉన్న గుడ్డ తీసి నేల మీది నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది.

"మీ ఇద్దరితో వేగలేక నా తలప్రాణం తోకకొస్తోంది. ఒకతేమో నోరు మూయదు, ఒకతేమో తెరవదు. వెళ్ళి చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు. నీకే చేటు కాబట్టి నువ్వు చెబితే నమ్ముతుంది."

"మీ అబ్బాయి?"

"వాడి సంగతి..." అని ఆగిపోయింది. వాడి సంగతి ఆవిడకి తెలియదు.

కోడలు చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచింది.

కూతురు సోఫాలో ఫ్యాను రెక్కల పక్కన కూర్చుని బూటు లేసు కడుతోంది.

"చూశాను" అంది కోడలు. "అత్తయ్య చెప్పింది నిజం. రబ్బర్లు కవర్లో పెడుతుంటే నేను చూశాను."

స్క్రూడ్రైవరు కింద పడింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఆయన స్టూలు దిగారు.

కొడుకు పెళ్ళాం మొహంకేసి చూస్తూ ఉండిపోయాడు. కూతురి చేతిలో లేసు ముడి సగంలో ఆగింది.

"అయితే ఎవరూ ఏమీ పూయలేదు" అంది నెమ్మదిగా.

"లేదు."

"అమ్మా, నువ్వు కమిటీకి రా. నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు. గెలుపు తిరిగి ఇవ్వరు, నాకు తెలుసు. ఇవ్వకపోతే ఇవ్వకపోయారు. నేను దొంగని కాదని తెలుస్తుంది. చోటు వదినదే."

వదిన అంది! ఫ్లాస్కమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక చీర మార్చుకోవాలి, ఫ్లాస్కులో నీళ్ళు పోసుకోవాలి, ఆ కమిటీ గదిలో ఏసీ వేస్తారేమో, పిల్లకి శాలువా తీసుకోవాలి...

కూతురు ఇంకా లేవలేదు. మణికట్టుతో ముక్కు తుడుచుకుంటోంది. తుడుచుకుంటున్న చెయ్యి ముక్కు దగ్గరే ఆగిపోయింది.

"చూసి, నాకెందుకు చెప్పలేదు వదినా?"

"వాసన పట్టేస్తావనుకున్నాను. ప్రతిసారీ చూస్తావు కదా."

"ఈసారి కూడా చూశాను. నాకేమీ తెలియలేదు. నాలుగు రోజులుగా నా ముక్కు పనిచెయ్యట్లేదు."

"ఆ సంగతి నాకు తెలీదు" అంది కోడలు. ఎప్పుడూ ఆచితూచి మాట్లాడే మనిషి, ఈ ఒక్క మాట గబుక్కున అనేసింది.

కొడుకు పెద్దగా ఊపిరి వదిలాడు. "విన్నావుగా? తనకి తెలీదు. ఇంక లేవండి, టైమవుతోంది."

కూతురు వాడివైపు చూడలేదు. వదినవైపూ చూడలేదు.

"అమ్మా, నా ముక్కు మూసుకుపోయిందని వదినకి ముందే తెలుసా, తెలియదా?"

ఫ్లాస్కమ్మకి ఆవిరి గిన్నె కళ్ళ ముందు మెదిలింది.

మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం. పిల్ల గదిలో తల మీద తువ్వాలు కప్పుకుని, ఆవిరి కోసం వంగి కూర్చుని ఉంది. పొగలు కక్కుతున్న గిన్నె తను ఎత్తబోతే, "చెయ్యి కాలుతుందత్తయ్యా, ఇలా ఇవ్వండి" అని కోడలు అందుకుంది. గదిలోకి తీసుకెళ్ళి పిల్ల ముందు పెట్టి వచ్చింది. తువ్వాలు కింద ఉన్న పిల్లకి ఎవరు తెచ్చారో కనబడలేదు. తిరిగి వస్తూ కోడలు అన్న మాట కూడా చెవిలోనే ఉంది. "పాపం, ముక్కు పూర్తిగా మూసుకుపోయిందత్తయ్యా."

పిల్ల రబ్బర్లు అతికించుకున్నది ఆ తర్వాతే.

ఆ మాట విన్నది ఫ్లాస్కమ్మ ఒక్కతే.

తెలియదే తల్లీ, అనాలి. అంతే. కొడుకు కాపురం నిలబడుతుంది, అందరూ కలిసి ఆటో ఎక్కుతారు. అబద్ధం ఎప్పటిలాగే నాలుక చివర సిద్ధంగా ఉంది. కొడుకు తననే చూస్తున్నాడు, కళ్ళతో బతిమాలుతూ. కోడలు ఎవరినీ చూడడం లేదు. ఇందాక ఐసు సంచీలోంచి కారిన నీళ్ళు ఇక్కడ ఎవరూ తుడవలేదు, కోడలి కాళ్ళ దగ్గర నేల ఇంకా తడిగా ఉంది.

కూతురు లేచి దగ్గరకి వచ్చింది. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు.

"ఈసారి నువ్వేం చెప్పినా నమ్ముతానమ్మా" అంది. "చెప్పు."